మొజిల్లా చెప్పడం మానేసింది, మన కంప్యూటరుకు ఊరు ఎవరు చెప్పాలి?

కావలిలో మా ఇంటి కిటికీ పక్కన బల్ల మీదున్న కంప్యూటరు కొన్న రోజు నుంచి అక్కడి నుంచి కదలలేదు. విండోస్ బదులు లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్. 2024 చివరలో ఒక సాయంత్రం బయట వాయుగుండం వాన కుండపోతగా పడుతోంది. తెర మూలన ఉన్న వాతావరణం గడి మాత్రం హైదరాబాద్ పేరు పెట్టి, ఆకాశం నిర్మలంగా ఉందని చెబుతోంది. పొద్దుగూకితే తెర రంగును పసుపు వైపు తిప్పే ఏర్పాటు కూడా అప్పటికి కొన్ని వారాలుగా పడకేసింది.

ఇంటర్నెట్‌ను అనుమానించాను, ఆ తర్వాత నన్ను నేనే అనుమానించుకున్నాను. అసలు సంగతి వేరు. కంప్యూటరు ఏ ఊళ్లో ఉందో చెప్పే లొకేషన్ సేవను 2013లో మొదలుపెట్టిన మొజిల్లా (ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసేది), దాన్ని మూసేస్తున్నానని 2024 మార్చిలో ప్రకటించింది. మార్చి 13 నుంచి కొత్తవారిని చేర్చుకోవడం మానింది. 27 నుంచి జనం పంపే సమాచారం తీసుకోలేదు. జూన్ 12 నుంచి బయటి ప్రోగ్రాములకు జవాబివ్వడమే ఆపింది. కచ్చితత్వం తగ్గుతూ వచ్చిందని ఒక కారణం చెప్పారు. 2019లో స్కైహుక్ సంస్థ పేటెంట్ల పేరుతో మొజిల్లా మీదికి రావడం, తర్వాత కుదిరిన ఒప్పందంతో ఆ సేవను పెంచే వీలు తగ్గిపోవడం మరో కారణం.

లినక్స్‌లో తెర మీది మెనూలు, సెట్టింగులు చూపించే గ్నోమ్ వంటి సాఫ్ట్‌వేర్లు ఊరిని స్వయంగా కనుక్కోవు. జియోక్లూ అనే చిన్న సేవను అడుగుతాయి. అది చుట్టుపక్కల కనిపించే వైఫై రూటర్ల గుర్తింపు సంఖ్యలను ఏరి, ఇంటర్నెట్‌లో ఒక సర్వరుకు పంపి, అక్షాంశ రేఖాంశాలు తెచ్చిపెడుతుంది. ఆ సర్వరు ఏళ్ల తరబడి మొజిల్లాదే. విండోస్, మాక్ వాడేవారికి ఈ మూత తగలలేదు, ఎందుకంటే ఆ రెంటికీ తయారీ సంస్థల సొంత సేవలున్నాయి. అయితే ‘ఎవరిని అడగాలి, అసలు అడగాలా’ అన్న ప్రశ్న వారికీ ఉంది. చివర్లో వారి సంగతి కూడా కొద్దిగా చెబుతాను.

ముందు తేల్చుకోవలసినవి

చాలామంది నేరుగా ‘మొజిల్లా బదులు ఏది?’ అని వెతుకుతారు. నేనూ అక్కడే మొదలుపెట్టి రెండు సాయంత్రాలు వృథా చేశాను. ముందు అడగవలసినది మన యంత్రం గురించి.

అది కదులుతుందా? డెస్క్‌టాప్ అయితే కదలదు. ల్యాప్‌టాప్ కూడా కొన్ని ఇళ్లలో పేరుకే ల్యాప్‌టాప్. బ్యాటరీ పోయి గోడకు తగిలించుకుని బతుకుతుంటుంది.

దానికి వైఫై కనిపిస్తుందా? రూటరు నుంచి కేబుల్ వేసుకున్న డెస్క్‌టాపుల్లో చాలావాటికి వైఫై కార్డే ఉండదు. అలాంటి యంత్రానికి ఎంత గొప్ప సేవను తగిలించినా ఒరిగేదేమీ లేదు, ఐపీ చిరునామాను (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యను) బట్టి ఒక నగరం పేరు మాత్రం వస్తుంది. నేను చూసినంతలో మన వైపు ఆ పేరు హైదరాబాదో చెన్నయో అవుతుంది. వైఫై ఉన్నా ఎన్ని రూటర్లు కనిపిస్తున్నాయన్నది ముఖ్యం. కనీసం రెండు కనిపిస్తే తప్ప మొజిల్లా సేవ వైఫైతో స్థానం చెప్పేది కాదు. గూగుల్ సేవకు కూడా రెండు కావాలి. నెల్లూరు ట్రంక్ రోడ్డులో ఏ కొట్టులో కూర్చున్నా డజనుకు తక్కువ కనిపించవు. విడవలూరు అవతల రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో కనిపించేది ఒకటే, అదీ తరచుగా జేబులో ఉన్న ఫోను హాట్‌స్పాట్.

ఎంత కచ్చితం కావాలి? ఈ ఒక్క ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి, సగం చిక్కు ఇక్కడే విడిపోతుంది.

తెర రంగు మార్చే రాత్రి కాంతి సంగతి చూడండి. దానికి కావలసింది సూర్యోదయ, సూర్యాస్తమయ వేళలు మాత్రమే. రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే పొద్దు నాలుగు నిమిషాలు జరుగుతుంది. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల రేఖాంశం మీద ఉంది, హైదరాబాద్ 78.5 దగ్గర. అంటే ఆరు నిమిషాలు. దీనికి అక్షాంశం తేడా కూడా కలిపితే, జూన్‌లో హైదరాబాద్‌లో మనకంటే పదకొండు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా పొద్దుగూకుతుంది. డిసెంబరులో ఆ తేడా నిమిషం కూడా ఉండదు. మీ కంప్యూటరు తాను హైదరాబాద్‌లో ఉన్నానని నమ్మినా రాత్రి కాంతికి జరిగే నష్టం ఇంతే. చెన్నై అనుకుంటే అదీ లేదు.

టైమ్ జోన్ సంగతి ఇంకా తేలిక. శ్రీనగర్ నుంచి శ్రీహరికోట దాకా ఒకటే కాలం. ఆటోమేటిక్ టైమ్ జోన్ అన్న మీటను ఆపేసి, కోల్‌కతా అని ఒకసారి ఎంచుకుంటే సరిపోతుంది, జాబితాలో మన దేశం కాలానికి ఉన్న పేరు అదే. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లివచ్చేవారు ఏడాదికి రెండుసార్లు చేత్తో మార్చుకోవాలి, అంతే.

వాతావరణం మాత్రం అలా కాదు. హైదరాబాద్‌కు వాన నైరుతి రుతుపవనాలతో వస్తుంది. నెల్లూరుకు ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తుంది. హైదరాబాద్‌లో ఎండ కాసే రోజుల్లోనే మనకు చెరువులు తెగుతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ప్రకాశం తీరం ఎలా ఉందో ఇక్కడివారికి గుర్తుండే ఉంటుంది. పాత ప్రకాశం జిల్లానే తీసుకున్నా గిద్దలూరు నల్లమల పక్కన, కొత్తపట్నం సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఆ రెండు ఊళ్ల వాతావరణాన్ని ఒకే గడిలో చూపిస్తే ఎవరికీ పనికిరాదు. కాబట్టి వాతావరణానికి ఊరు సరిగా ఉండాలి. అంటే పది కిలోమీటర్ల కచ్చితత్వం, పది మీటర్లది కాదు.

ఇక మిగిలింది, మనం ఎక్కడున్నామో ఎవరికి తెలుస్తుందన్నది. దాన్ని ఒక్కో దారి దగ్గర చెబుతాను.

మొదటి దారి: ఆపేయడం

సెట్టింగుల్లో గోప్యత విభాగంలో లొకేషన్ మీటను ఆపేస్తే ఎవరికీ ఏమీ వెళ్లదు. రాత్రి కాంతికి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు అని వేళలు చేత్తో పెట్టుకోవచ్చు. ఏడాదంతా మన పొద్దులో వచ్చే మార్పుకు అది చాలు. గ్నోమ్ లాంటిదే మరొకటైన కేడీఈ ప్లాస్మాలో అయితే ఊరి అక్షాంశ రేఖాంశాలు నేరుగా రాసే వీలుంది. వాతావరణం ప్రోగ్రాములో ఊరి పేరు వెతికి చేర్చుకోవాలి.

నచ్చని సంగతి ఒకటే, ప్రతి ప్రోగ్రాముకూ విడివిడిగా చెప్పుకోవాలి. రెండు మూడు ప్రోగ్రాములే అయితే అది పెద్ద పని కాదు. మా అమ్మ వాడే కంప్యూటరుకు ఇదే చేశాను. ఆవిడకు కావలసింది పంచాంగం, యూట్యూబు. ఆ రెంటికీ ఉపగ్రహాలతో పని లేదు.

రెండో దారి: ఊరు మనమే రాసిపెట్టడం

కదలని యంత్రాలకు నా ఓటు దీనికే, కనుక కొంచెం వివరంగా చెబుతాను. కొత్త జియోక్లూ కూర్పుల్లో స్థిరస్థానం అనే మార్గం ఉంది. ‘ఈటీసీ’ డైరెక్టరీలో ‘జియోలొకేషన్’ అనే పేరుతో ఒక ఫైలు పెట్టి, అందులో నాలుగు అంకెలు లైనుకు ఒకటి చొప్పున వరుసగా రాయాలి. అవి అక్షాంశం, రేఖాంశం, సముద్రమట్టం నుంచి ఎత్తు మీటర్లలో, పొరపాటు ఎంత దూరం ఉండవచ్చో మీటర్లలో. కావలికి నేను రాసినవి 14.91, 79.99, 20, 3000. ఇక అడిగిన ప్రతి ప్రోగ్రాముకూ జియోక్లూ ఈ జవాబే ఇస్తుంది. ఇంటర్నెట్ లేకపోయినా ఇస్తుంది, ఏ సంస్థ మూతపడినా ఇస్తుంది.

రెండు దశాంశ స్థానాలు దాటి రాయకండి. రెండు స్థానాలంటే కిలోమీటరు సుమారు, వాతావరణానికి అంతకంటే అక్కర్లేదు. నాలుగు స్థానాలు రాస్తే పది మీటర్ల దగ్గరికి వస్తుంది, అంటే మీ ఇంటి గేటును మీరే చూపించినట్టు. జియోక్లూను అడిగే ప్రతి ప్రోగ్రామూ మీకు నమ్మకమైనది కానక్కర్లేదు. ఫ్లాట్‌పాక్‌గా (మిగతా యంత్రం నుంచి వేరుచేసిన పొట్లంగా) వేసుకున్నవాటికి అనుమతి అడిగే పద్ధతి ఉంది, మామూలుగా వేసినవాటిని అంత గట్టిగా కట్టడి చేయలేరు.

మన ఊళ్ల అంకెలు కొన్ని:

| ఊరు | అక్షాంశం | రేఖాంశం |
|---|---|---|
| నెల్లూరు | 14.44 | 79.99 |
| కావలి | 14.91 | 79.99 |
| కందుకూరు | 15.22 | 79.90 |
| ఒంగోలు | 15.50 | 80.05 |
| మార్కాపురం | 15.74 | 79.27 |
| గిద్దలూరు | 15.38 | 78.93 |

కందుకూరు వారికి ఒక మాట. 2022 ఏప్రిల్‌లో మీ ఊరిని ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మార్చారు. వాతావరణం ప్రోగ్రాములో ఊరి పేరు వెతికితే పక్కన ఏ జిల్లా పేరు వస్తుందో చెప్పలేం. అంకెలతో ఆ తంటా లేదు, ప్రభుత్వాలు జిల్లాలు మార్చగలవు గానీ రేఖాంశాన్ని కాదు.

ఈ దారిలో ఒక ప్రమాదం ఉంది. ఇదే ఫైలు ఉన్న ల్యాప్‌టాప్‌ను చెన్నై తీసుకెళితే అది అక్కడ కూడా కావలి అనే అంటుంది, పైగా నమ్మకంగా అంటుంది. కదిలే యంత్రానికి ఇది వద్దు. కదలని యంత్రంలో ఇది పెట్టాక, జియోక్లూ అమరిక ఫైలులో వైఫై వంటి మిగతా మార్గాలను ఆపేయడం మంచిది. లేకపోతే ఏదో ఒక రోజు అది తనకు ఎక్కువ కచ్చితంగా తోచిన మరో జవాబును పట్టుకోవచ్చు.

మూడో దారి: బీకన్‌డీబీ

మొజిల్లా మూత తర్వాత లినక్స్ వాడేవారిలో ఎక్కువగా వినిపించిన పేరిది. మొజిల్లా సేవ ఏ పద్ధతిలో ప్రశ్న తీసుకుని జవాబిచ్చేదో ఇదీ అదే పద్ధతిలో ఇస్తుంది. అందువల్ల జియోక్లూ అమరిక ఫైలులో వైఫై విభాగం కింద ఉన్న మొజిల్లా చిరునామా తీసేసి దీని చిరునామా రాస్తే పని అయిపోతుంది. ఈ మధ్య వచ్చిన కూర్పుల్లో ఆ మార్పు ముందే చేసి ఉండవచ్చు. 2024 జూన్‌కు ముందు వేసుకుని, ఆ తర్వాత అప్‌డేట్ చేయని యంత్రాల్లో పాత చిరునామాయే ఉంటుంది. మీది ఏదో ఆ ఫైలు తెరిస్తే తెలిసిపోతుంది.

దీని బలం, బలహీనత రెండూ జనం పంపే సమాచారమే. ఎవరో ఒకరు ఫోనులో నియోస్టంబ్లర్ వంటి యాప్ పెట్టుకుని ఆ వీధిలో తిరిగి ఉంటేనే ఆ వీధి రూటర్లు దానికి తెలుస్తాయి. యూరప్ నగరాల్లో తిరిగేవారు చాలామంది. మన వైపు ఎంతమంది తిరిగారో మీరే ఊహించుకోవచ్చు. తెలియని వీధి అయితే అది ఐపీ చిరునామా వైపు జారుతుంది, మళ్లీ హైదరాబాద్ మొదలు.

అయితే ఇక్కడ మన చేతిలో ఉన్న పని ఒకటుంది. అదే యాప్ వేసుకుని మాగుంట లేఔట్ నుంచి ట్రంక్ రోడ్డు దాకా రెండు మూడుసార్లు బండి మీద తిరిగితే ఆ దారి పొడవునా రూటర్లు చేరతాయి. మీరు రోజూ కూర్చునే చోట్లు నాలుగే అయితే ఆ నాలుగూ మీరే చేర్చుకోవచ్చు. ఓపిక ఉన్న విద్యార్థులకు ఇది మంచి కాలక్షేపం.

గోప్యత సంగతి. అడిగిన ప్రతిసారీ మీ చుట్టూ ఉన్న రూటర్ల సంఖ్యలు ఆ సర్వరుకు వెళతాయి. పక్కింటివారి రూటర్లవి కూడా. మీ రూటరు ఇలాంటి జాబితాల్లోకి ఎక్కకూడదనుకుంటే దాని పేరు చివర అండర్‌స్కోరు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘నోమ్యాప్’ అని చేర్చండి. గూగుల్ 2011లో మొదలుపెట్టిన ఈ పద్ధతిని తర్వాత మొజిల్లా కూడా పాటించింది.

నాలుగో దారి: గూగుల్ సేవను తగిలించడం

మన ఊళ్లలో రూటర్లను ఎక్కువగా ఎరిగినది ఇదే. అందరి జేబుల్లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లే కదా. ఒంగోలు కర్నూలు రోడ్డులో కూర్చుంటే వీధి దాకా చెబుతుంది. కానీ దీనికి సొంత ఏపీఐ కీ, అంటే ఆ సేవను అడగడానికి గూగుల్ ఇచ్చే రహస్య సంకేతం కావాలి. దాని కోసం గూగుల్ క్లౌడ్‌లో ఖాతా తెరిచి, బిల్లింగ్ వివరాలు ఇవ్వాలి. ఇంట్లో ఒక్క కంప్యూటరు కోసం బ్యాంకు కార్డు వివరాలు ఇవ్వడం నాకు అతిగా తోచింది. పది ఊళ్లు తిరిగే సిబ్బంది ఉన్న సంస్థలకు లెక్క వేరుగా ఉండవచ్చు.

మొజిల్లా సేవ పోయింది కనుక ఫైర్‌ఫాక్స్‌లోనూ లొకేషన్ పోయిందన్న అపోహ కూడా ఇక్కడే తీరాలి. మొజిల్లా నేరుగా ఇచ్చే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు స్థానం కోసం గూగుల్ సేవను కూడా అడగగలదు. అందుకే డెస్క్‌టాప్ దారి తప్పాక కూడా బ్రౌజరులో మ్యాపులు చక్కగా తెరుచుకున్నాయి. మీకు లొకేషన్ కావలసింది బ్రౌజరులోనే అయి, అక్కడ అది సరిగా వస్తుంటే ఈ వ్యాసంలో ఏదీ చేయనక్కర్లేదు.

ఐదో దారి: ఉపగ్రహాన్నే అడగడం

యూఎస్‌బీకి తగిలించే చిన్న జీపీఎస్ రిసీవరు కొంటే మధ్యలో ఏ సర్వరూ ఉండదు. ఫోనులోని జీపీఎస్‌ను ఇంటి నెట్‌వర్క్ మీద కంప్యూటరుకు పంచే పద్ధతి కూడా జియోక్లూలో ఉంది. చెరువు గట్లకు, గ్రానైట్ క్వారీలకు, సర్వే పనులకు ఇది సరిపోతుంది, వైఫై లేని చోటే దీని గొప్పతనం తెలుస్తుంది. కొనేటప్పుడు పెట్టె మీద నావిక్ పేరు ఉందేమో చూడండి, అది జీపీఎస్ లాంటి మన దేశపు సొంత వ్యవస్థ. ఆ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జూలై 1న మన పక్కనున్న శ్రీహరికోట నుంచే ఎగిరింది.

స్లాబు కింద, నాలుగు గోడల మధ్య మాత్రం ఇది తడుముకుంటుంది. డెస్క్‌టాప్ కోసం దీన్ని కొనడం ఇంటి పేరు తెలుసుకోవడానికి తహసీల్దారు దగ్గరికి వెళ్లడం లాంటిది.

మొజిల్లా సేవ నడిపిన ఇక్నియా అనే సాఫ్ట్‌వేర్ బయటే ఉంది కనుక సొంత సర్వరు పెట్టుకోవచ్చని కొందరు సలహా ఇస్తారు. రూటర్ల సమాచారం లేని ఆ సర్వరు ఖాళీ గోతాము. వదిలేయండి.

ఎవరికి ఏది

| మీరు ఎవరు | నా సలహా | వదులుకునేది |
|---|---|---|
| ఇంట్లో డెస్క్‌టాప్, కేబుల్ ఇంటర్నెట్ | ఊరు రాసిపెట్టడం | ఒకసారి ఫైలు రాసే శ్రమ |
| బడిలో, ఆఫీసులో ఒకే గదిలో ఇరవై యంత్రాలు | అదే ఫైలు అన్నిటికీ | గది మారితే కాదు, ఊరు మారితే మళ్లీ రాయాలి |
| నెల్లూరు, చెన్నై మధ్య తిరిగే ల్యాప్‌టాప్ | బీకన్‌డీబీ, వాతావరణంలో రెండు ఊళ్లూ చేత్తో | రూటర్ల సంఖ్యలు బయటికి వెళతాయి, పల్లెల్లో గురి తప్పుతుంది |
| చెరువు, పొలం, క్వారీ దగ్గర పని | జీపీఎస్ రిసీవరు లేదా ఫోను | కొంత డబ్బు, ఆరుబయట కూర్చోవడం |
| ఎవరికీ ఏమీ తెలియకూడదనుకునేవారు | ఆపేయడం | ప్రతి ప్రోగ్రాముకూ విడిగా చెప్పడం |

తిరిగే ల్యాప్‌టాప్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇక్కడే అసలు ఇబ్బంది ఉంది. వారానికి రెండుసార్లు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లివచ్చేవారికి చెన్నైలో బీకన్‌డీబీ దొరకవచ్చు, నెల్లూరులో దొరకవచ్చు, దొరకకపోవచ్చు. రైల్లో అసలు అడగనే వద్దు, తోటి ప్రయాణికుల హాట్‌స్పాట్లు రైలుతో పాటే పరిగెత్తుతుంటాయి. అలాంటివారు లొకేషన్ మీద ఆశ పెట్టుకోకుండా వాతావరణంలో రెండు ఊళ్లూ చేర్చుకుని, రాత్రి కాంతికి వేళలు రాసుకుంటే హాయిగా ఉంటుంది. ఆ రెండు ఊళ్ల మధ్య పొద్దులో తేడా మహా అయితే మూడు నాలుగు నిమిషాలు.

విండోస్ వాడేవారు సెట్టింగుల్లో లొకేషన్ పేజీలో ‘డిఫాల్ట్ లొకేషన్’ ఉందేమో చూడండి. వైఫై కార్డు లేని డెస్క్‌టాప్‌కు అది మన రెండో దారితో సమానం. మాక్‌లో ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఒక్కోదానికీ అనుమతి ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చుకుంటే చాలు.

విడవలూరు దగ్గర రొయ్యల చెరువులున్న మా బావ ఇదంతా ఓపికగా విని, “మరి నా షెడ్డులో ఉన్నదానికి ఏం చేయమంటావు?” అన్నాడు.

“అది ల్యాప్‌టాప్ కదా బావా, ఇంటికి కూడా తెస్తుంటావు. జీపీఎస్ రిసీవరు కొందాం” అన్నాను.

“ఇంటికీ షెడ్డుకీ మధ్య ఎనిమిది కిలోమీటర్లు. వాన రెండు చోట్లా ఒకటే.”

నా పట్టికలో ఆయనకు ఇచ్చిన వరుసను ఆయనే కొట్టేశాడు. ఫైలులో విడవలూరు అంకెలు రాసి, పొరపాటు దూరం దగ్గర 10000 అని పెట్టి ఇచ్చాను. మొన్నటి వాయుగుండానికి ముందురోజు మధ్యాహ్నమే ఆయన ఏరేటర్లకు డీజిల్ తెప్పించుకున్నాడు.